క్లాసుల వేళ దాటి పెట్టే పరీక్షలకు ఒక రూలు రాయించండి: గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా గవర్నర్, రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఛాన్సలర్ డాక్టర్ కంభంపాటి హరిబాబు గారికి,

నమస్కారం.

భువనేశ్వర్‌కి ఏ అర్జీ పంపాలన్నా మావాళ్లు ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించుకుంటారు. రాయించుకోవడానికి మళ్లీ ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. ఆ కుర్చీలో మీరున్నారు కాబట్టి ఈసారి తెలుగులోనే రాస్తున్నాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవారు గనక టైమ్‌టేబుల్ సంగతులు మొదటి నుంచీ విడమర్చే పని కూడా నాకు తప్పింది.

నేను గజపతి జిల్లావాణ్ణి. ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం టైమ్‌టేబుల్ వేసే పని నా నెత్తినే ఉండేది. ఇప్పుడు మా మనవరాలు ప్లస్ త్రీ రెండో ఏడు చదువుతోంది. ఆమె కాలేజీ పేరు ఇక్కడ రాయను. ఈ తంతు ఆ ఒక్క కాలేజీలోనే జరుగుతున్నది కాదు, పైగా ఆ పిల్ల ఇంకా ఏడాదిన్నర అక్కడే చదవాలి.

మొన్న డిసెంబర్‌లో ఒకరోజు మధ్యాహ్నం వాట్సాప్‌లో నోటీసు వచ్చింది, సాయంత్రం నాలుగున్నరకు ఇంటర్నల్ అని. హాల్లో అంతకుముందు ఇంకేదో పరీక్ష నడుస్తోంది. వాళ్లు లేచి, బెంచీలు సర్ది, పేపర్లు పంచేసరికి ఐదు దాటింది. డిసెంబర్‌లో మా వైపు ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. మా ఊరికి వచ్చే చివరి బస్సు ఆరుంపావుకి. మా పిల్ల చివరి ప్రశ్నకు నంబరు వేసి, దాని కింద గీత గీసి, అక్కడితో పేపరు ఇచ్చేసి లేచి వచ్చేసింది. రాని ప్రశ్న కాదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని జవాబు మొత్తం నాకు అప్పజెప్పింది. మర్నాడు నాకు తెలిసిన లెక్చరర్‌కి ఫోన్ చేస్తే, "ఇంటర్నలే కదా మాస్టారూ" అన్నాడు. ఇంటర్నల్ మార్కులు ఫైనల్లో కలుస్తాయని నేను అతనికి చెప్పాలా?

కాలేజీల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. యూజీసీ ఏడాదికి కనీసం 180 రోజులు పాఠాలు జరగాలంటుంది, వారానికి ఆరు రోజుల చొప్పున 30 వారాలు. పరీక్షల రోజులు ఆ లెక్కలోకి రావు. ఇంటర్నల్స్ కోసం క్లాసులు ఆపితే ఆ 180 పూర్తి కాదు. ఆపకుండా ఏ సెక్షన్‌కి ఆ సెక్షన్ తన పీరియడ్లోనే పరీక్ష పెడితే, పదింటికి రాసినవాళ్లు బయటికి రాగానే ప్రశ్నలు రెండింటికి రాయాల్సినవాళ్ల ఫోన్లలో ఉంటాయి. పోనీ అందరికీ ఒకేసారి పెడదామంటే, ఒకరికి మేజర్ క్లాసు, ఇంకొకరికి మైనర్, మరొకరికి ప్రాక్టికల్. అందరూ ఖాళీగా ఉండే గంట పగలు ఎంత వెతికినా దొరకదు. ఇక మిగిలేది సాయంత్రం, లేకపోతే ఆదివారం. కాబట్టి సాయంత్రం పరీక్షలు మానేయమని నేను అడగడం లేదు. అడిగినా కుదరదు.

ఇదే చిక్కు అమెరికాలో పెద్ద యూనివర్సిటీలకూ ఉంది. ఒకే కోర్సును అనేక సెక్షన్లుగా చెబుతారు, పరీక్ష మాత్రం అందరికీ కలిపి సాయంత్రం పెడతారు. తేడా ఏమిటంటే అక్కడ దానికి రాసిపెట్టిన రూళ్లు ఉన్నాయి, విద్యార్థికి అవి చదువుకోవడానికి దొరుకుతాయి. మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో డిగ్రీ కోర్సులకు క్లాసు వేళ దాటి సాయంత్రం పరీక్ష పెడితే ఏడున్నరకు ముందు మొదలుపెట్టకూడదు, రెండు గంటలు మించకూడదు. సోమవారం సాయంత్రం అసలు పెట్టకూడదు, శని ఆదివారాలు పిల్లలకు మిగలాలని కాబోలు. అన్నిటికంటే నాకు నచ్చింది మరొకటి. అలాంటి పరీక్ష పెట్టిన వారంలో ఆ సబ్జెక్టులో ఒక క్లాసైనా రద్దు చేయాలి, లేదా ఆ వారం అసైన్‌మెంట్ అడగకూడదు. విద్యార్థి దగ్గర రెండు గంటలు తీసుకుంటే బదులుగా ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలన్నమాట. టైమ్‌టేబుల్ వేసిన చేతికి ఈ లెక్క ఎంత న్యాయంగా ఉందో వెంటనే తెలుస్తుంది.

అలాగని ఆ రూళ్లను యథాతథంగా ఇక్కడ దించేస్తే కొంప మునుగుతుంది. అక్కడ ఏడున్నరకు పరీక్ష అంటే పిల్లలు భోంచేసి, అదే క్యాంపస్‌లోని హాస్టల్ నుంచి నడిచి వస్తారు. ఇక్కడ ఏడున్నరకు పరీక్ష పెడితే ఆడపిల్లల్లో సగం మంది రారు, వచ్చినవాళ్ల నాన్నలు గేటు బయట బళ్ల మీద కూర్చుని ఉంటారు. మా వైపు హాస్టళ్లలో ఆడపిల్లలకు చీకటి పడకముందే గేటు వేసే అలవాటు ఉంది. పరీక్ష ఉందని కాలేజీ నుంచి వార్డెన్‌కి కబురు వెళ్లకపోతే ఆ పిల్ల సంజాయిషీ ఇచ్చుకోవాలి.

రైలు సంగతి మీకు తెలిసే ఉంటుంది. పర్లాకిమిడి రాజావారి చొరవతో నౌపడా నుంచి 1900లో చిన్న రైలు నడిచింది. 2011 నాటికి గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజ్ అయింది. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, ఇలా ఒకే బండి ఆంధ్రాలోంచి ఒడిశాలోకి వస్తుంది. బండి తప్పిపోతే మాత్రం వెంటనే ఇంకోటి ఉండదు. సర్వీసు ఆటో నిండితేనే కదులుతుంది. చీకటి పడ్డాక ఒక్క ఆడపిల్ల కోసం అది నిండేదెప్పుడు?

ఆదివారం సంగతి ఒక మాట. గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతుకు పైగా క్రైస్తవులు. సవర పిల్లలు ఎంతోమంది కొండ ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నారు. ఆదివారం ఉదయం పరీక్ష పెట్టేవారు వీళ్లను ఒక్కసారి తలుచుకుని పెడుతున్నారా అన్నది నా అనుమానం. ఉగాది నాడు పరీక్ష పెట్టారని మా తెలుగువాళ్లు గొణుక్కుంటారు గానీ, అది ఏడాదికి ఒక్కరోజు.

అందుకని ఛాన్సలర్‌గా మీరు వైస్ ఛాన్సలర్లకు చెప్పి ఒక పేజీ రూలు రాయించండి. క్లాసు వేళ దాటి పెట్టే పరీక్షల తేదీలు సెమిస్టర్ మొదట్లోనే క్యాలెండర్‌లో ఉండాలి. మార్చక తప్పకపోతే కనీసం పదిహేను రోజుల ముందు చెప్పాలి, మధ్యాహ్నం నోటీసుతో సాయంత్రం పరీక్ష చెల్లదనాలి. ఎన్నింటికి ముగియాలన్నది భువనేశ్వర్‌లో తేల్చే విషయం కాదు. బరంపురంలో ఏడింటికి ఆటో దొరుకుతుంది, మా జిల్లాలోని మోహనలో అంత సులువు కాదు. ఏ కాలేజీ ఆ కాలేజీ తన పిల్లల చివరి బస్సు చూసుకుని, దానికి అరగంట ముందు పేపర్లు తీసుకునేలా వేళ పెట్టుకోవాలి. పరీక్ష ఉన్న వారం ఆ సబ్జెక్టులో ఒక క్లాసు వదిలేయాలి. ఆదివారం రాయలేనన్న పిల్లకు, సర్టిఫికెట్లు అడగకుండా, మరో రోజు రాసుకునే వీలుండాలి.

ఈ చివరి దానికే లెక్చరర్లు అడ్డం తిరుగుతారు. రెండోసారి పరీక్ష అంటే రెండో ప్రశ్నపత్రం. ఉన్న ఖాళీలు చాలక గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొస్తున్న చోట ఇది అదనపు చాకిరీయే, కాదనను. లెక్కల్లో అంకెలు మారిస్తే సరిపోతుంది. చరిత్రలో అలా కుదరదు, అశోకుణ్ణి మార్చలేం కదా! కానీ సెమిస్టర్ మొదట్లోనే రెండు పేపర్లు తయారుచేసి ఒకటి కవర్లో సీలు వేసి ఉంచితే తర్వాత హడావిడి ఉండదు. నేను పనిచేసిన చోట తుపానుల భయంతో అలాగే ఉంచుకునేవాళ్లం. 2018లో తిత్లీ వచ్చి జిల్లా అతలాకుతలమయ్యాక అలాంటి ఏర్పాటు అనవసరమని ఇక్కడ ఎవరూ అనరు.

1989 నాటి ఒడిశా విశ్వవిద్యాలయాల చట్టం ఛాన్సలర్ స్థానాన్ని మీకు ఇచ్చింది. ఈ పనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. వైస్ ఛాన్సలర్లతో మీరు జరిపే తర్వాతి సమావేశం ఎజెండాలో దీన్ని ఒక అంశంగా చేర్పించండి. వచ్చే సెమిస్టర్ క్యాలెండర్లు అచ్చుకు వెళ్లేలోపు సర్క్యులర్ వస్తే ఈ ఏడాది పిల్లలకే పనికొస్తుంది. ముసాయిదా రాసిపెట్టే మనిషి కావాలంటే కబురు చేయండి, నేను ఖాళీగానే ఉన్నాను. ఒడియాలోనైనా రాసిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
గజపతి జిల్లా, ఒడిశా