పృథ్వి వచ్చాడా, వచ్చిందా?

ఒరేయ్ బాబీ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను, రెండోసారి అమ్మకి కూడా వినిపించాను. పుట్టేది ఎవరో ముందే తెలుసుకోవద్దని మీరిద్దరూ అనుకున్నారంటే నమ్మలేకపోయాం. ఇక్కడైతే 1994 చట్టం వల్ల అడిగినా చెప్పరు. అక్కడ అడిగితే చెప్తారు, అయినా నువ్వు అడగలేదంటే, పరీక్ష రాసొచ్చిన రోజే మార్కులు లెక్కేసుకునే నీకు ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?

సరే, అసలు సంగతి. ఎవరు పుట్టినా 'పృథ్వి' అని పెడదామనుకుంటున్నారు. మీ అమ్మేమో అది మగపిల్లల పేరు, ఆడపిల్లకి పెడితే నవ్వుతారంటోంది. మీ మామగారేమో సంస్కృతంలో అది స్త్రీలింగం, మగపిల్లాడికి ఎలా పెడతారంటున్నారు. మధ్యలో తీర్పు చెప్పమని నన్ను అడిగావు. అడగాల్సినవాణ్నే అడిగావులే, ఈ విషయంలో దెబ్బలు తిన్నవాణ్ని.

హాస్టల్ రోజు గుర్తుందా? నెత్తిమీద పరుపు చుట్ట, చేతిలో రేకు పెట్టె, వెనకాల మా నాన్న. లిస్టులో నా పేరు లేడీస్ హాస్టల్లో పడింది. ఆ వార్డెన్ మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకుని లిస్టు చూసి, నన్ను చూసి, మళ్లీ లిస్టు చూసి, "తులసి ఏదమ్మా?" అని నా వెనకాల వెతికింది. అప్పటికే నా మీసం నూనూగుగా వచ్చేసింది కూడా! నువ్వు గేటు పక్కన కూర్చుండిపోయి నవ్వావు, ఒక్క మాట సాయం రాలేదు.

తప్పు పేరుది కాదురా. బారసాలలో మా నాయనమ్మ పళ్లెంలో బియ్యం పోయించి ఉంగరంతో రాయించింది శుభ్రంగా 'తులసీరామ్' అనే. బడిలో చేర్పించేటప్పుడు గుమస్తా పేరేంటని అడిగితే మా నాన్న ఇంట్లో పిలిచినట్టే "తులసండీ" అన్నాడు. ఆయన అంతే రాసుకున్నాడు, అదే టెన్త్ సర్టిఫికెట్ దాకా పోయింది. రాముడు బియ్యంలోనే ఉండిపోయాడు.

నీ పృథ్వి కథ కూడా ఇలాంటిదే, అందుకే ఇది చెప్పాను. మీ మామగారు చెప్పింది నిజమే. పురాణంలో కరువొచ్చినప్పుడు పృథు చక్రవర్తి విల్లు పట్టుకుని భూమిని తరిమితే, ఆవిడ ఆవు రూపంలో పారిపోయి, చివరికి లొంగి పాలిచ్చింది. ఆయన ఆవిడని కూతురుగా చేసుకున్నాడు, అందుకే పృథ్వి అయింది. అంటే ఆ పేరే కూతురి పేరు! మరి మగవాళ్లకి ఎలా వచ్చిందంటావా? పృథ్వీరాజ్, పృథ్వీధర్ అని పెట్టి, పిలవడానికి పొడుగని తోక కోసేశారు. మీ అమ్మకి తెలిసిన పృథ్వీలందరూ తోక తెగినవాళ్లే. శశిధర్ శశి అవుతాడు, శశికళా శశే అవుతుంది. మల్లికార్జున్‌ని మల్లీ అని పిలిస్తే పువ్వు మిగులుతుంది, దేవుడు పోతాడు.

మన పాతవాళ్లకి ఈ గొడవే లేదు. కొండ ఒకటే, పిల్లాడైతే కొండయ్య, పిల్లయితే కొండమ్మ. గంగయ్య, గంగమ్మ. నాగయ్య, నాగమ్మ. ఆడామగా తేడా అంతా ఆ చివరి అక్షరాల్లోనే ఉండేది, ముందున్న కొండకీ నీళ్లకీ పాముకీ ఆ బాధ లేదు. మనకి అయ్య, అమ్మ నామోషీ అయిపోయి తీసేశాం, ఇప్పుడు మిగిలిన ముక్క ఎవరిదని కొట్టుకుంటున్నాం. పంజాబీలు తెలివైనవాళ్లు, తోక ఉంచుకున్నారు. మన ఆడవాళ్ల క్రికెట్‌కి కెప్టెన్ అయిన హర్మన్‌ప్రీత్ కౌర్, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకి కెప్టెన్‌గా ఉండి కాంస్యం తెచ్చిన హర్మన్‌ప్రీత్ సింగ్. పేరు ఒకటే, ఏ వార్డెనూ కంగారు పడక్కర్లేదు.

అర్థం చూసి తేల్చుకుందామన్నావు కదా, అదీ కుదరదు. తామరపువ్వునే తీసుకో. అరవింద్, రాజీవ్, పంకజ్, నీరజ్, కమల్ అన్నీ తామరే, అందరూ మగాళ్లు. పద్మ, సరోజ, జలజ, కమల, నీరజ కూడా తామరే, అందరూ ఆడవాళ్లు. ఒకే చెరువులో పూసిన పువ్వు! చివర్న పొల్లు పెడితే ప్యాంటు, తీసేస్తే పరికిణీ, అంతే.

ఇంకో తమాషా చూశావా, తెలుగులో వాన వచ్చింది, గాలి వచ్చింది, అమ్మ వచ్చింది, అన్నిటికీ ఒకే క్రియ. సూర్యుడూ చంద్రుడూ మాత్రం 'వచ్చాడు'. అందుకేనేమో వెన్నెల, వర్ష, మేఘన లాంటివి వినగానే మనకి ఆడపిల్లే కనిపిస్తుంది. వెన్నెల వచ్చాడు అని ఓసారి పైకి అను, నాలుక మెలి తిరుగుతుంది. పృథ్వికి ఆ ఇబ్బంది లేదు, వచ్చాడన్నా వచ్చిందన్నా చెవికి గుచ్చుకోదు. అదే దాని గొప్ప.

పైగా మీరున్న చోట రేపటికి ఏది ఎటు మారుతుందో ఎవరికి తెలుసు? యాష్లీ అంటే ఒకరకం చెట్లున్న మైదానం అని అర్థంట, ఒకప్పుడు మగాళ్ల పేరు. 1991, 1992లో చూస్తే అమెరికాలో ఆడపిల్లలకి అన్నిటికంటే ఎక్కువ పెట్టిన పేరు అదే.

కాబట్టి నా తీర్పు: పెట్టెయ్. పాప పుడితే ఉత్తి పృథ్వి చాలు, అది తనదే, ఏ తోకా వద్దు, మీ అమ్మకి పృథు చక్రవర్తి కథ నేను ఫోన్ చేసి చెప్తాను. బాబు పుడితే మాత్రం కాగితం మీద పృథ్వీరాజ్ అనో పృథ్వీధర్ అనో పూర్తిగా రాయించు, ఇంట్లో ఎలా పిలుచుకుంటారో మీ ఇష్టం. డిశ్చార్జి అయ్యేలోపే పేరు రాసివ్వమంటారన్నావుగా, ఆ నిద్రలేని కళ్లతో నువ్వొక్కడివే ఫారం నింపకు, చెల్లెమ్మకి చూపించు. స్పెల్లింగ్ కూడా ఇప్పుడే తేల్చుకోండి. మనవాళ్లు 'థ'కి బదులు 'ధ' వచ్చేలా రాస్తారు, మీ అక్కడివాళ్లు దాన్నెలా పలుకుతారో ముందు మీ పక్కింటాయనతో ఓసారి అనిపించి చూడు.

మీ అమ్మని ఎక్కువ వాదించి టెన్షన్ పెట్టకు, వీసా వచ్చి బయల్దేరే టైములో అలిగితే కష్టం.

ఉంటాను. ఇందాకే కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి "తులసి మేడమ్ ఉన్నారాండీ?" అన్నాడు. నేనే మేడమ్‌నని చెప్పే ఓపిక లేక, "ఉన్నారు, తెచ్చెయ్" అన్నాను.

నీ
తులసీరామ్