మన్యారా అడవి అంచున ఒక రోజు సైకిలు మీద

పలమనేరు

చిరంజీవి శ్రీకర్‌కు అమ్మ ఆశీస్సులు.

జూలైలో మీరు ముగ్గురూ టాంజానియా వెళ్లే ప్రయాణ పట్టిక నువ్వు పంపిన రోజే చదివాను. అరూషా నగరంలో దిగి, తరంగీరే, మన్యారా, న్గోరోంగోరో, సెరెంగెటి అనే వన్యప్రాణుల ప్రాంతాలు వరుసగా చూసి రావడానికి చేసుకున్న ఏర్పాటు బాగానే ఉంది; కానీ పొద్దున జీపు ఎక్కింది మొదలు చీకటి పడి బసకు చేరేదాకా మీ కాళ్లు నేలకు తగిలే గంట ఒక్కటి కూడా అందులో కనిపించలేదు. మీ నాన్నగారి ఉద్యోగం అరూషాలో ఉన్న రోజుల్లో నువ్వు ఇక్కడ హాస్టల్లో చదువుకుంటున్నావు కనుక ఆ ప్రాంతం నీకు తెలియదు. అందుకే అడుగుతున్నాను: మన్యారాకూ న్గోరోంగోరోకూ మధ్య ఒక రోజు ఖాళీ చేసి, జీపుకు ఆ రోజు సెలవిచ్చి, మ్‌టో వా మ్‌బు అనే ఊళ్లో సైకిళ్లు అద్దెకు తీసుకుని, దారి తెలిసిన స్థానిక కుర్రవాడినొకడిని వెంట పెట్టుకుని ఆ చుట్టుపక్కల పల్లెలు తిరగండి. ఒక సింహం తక్కువ చూసినా ఫరవాలేదు.

అరూషా నుండి డొడొమా వెళ్లే రోడ్డు మీద మకుయూని దగ్గర కుడివైపుకు తిరిగి కొంతదూరం వెళ్లేసరికి, ఎదురుగా నేలంతా ఒక్కసారిగా లేచి నిలబడినట్టు ఒక కొండగోడ అడ్డం వస్తుంది. అది, భూమి చీలి ఏర్పడిన రిఫ్ట్ లోయకు పడమటి అంచు. మన్యారా దగ్గర సుమారు 600 మీటర్ల ఎత్తుంటుంది. ఆ గోడ పాదాల దగ్గరే ఈ ఊరు, ఊరిని ఆనుకునే మన్యారా సరస్సు జాతీయ పార్కు ద్వారం. 1960లో ఏర్పడిన ఆ పార్కులో చాలా భాగం ఉప్పునీటి సరస్సే. సరస్సుకూ కొండగోడకూ మధ్య మిగిలిన సన్నని పట్టీలోనే అడవి ఉంది. పైన న్గోరోంగోరో ఎత్తు భూముల మీద కురిసిన వాన, అగ్నిపర్వతాల రాతి పొరల్లోంచి ఇంకి, గోడ కింద ఊటలుగా పైకి వస్తుంది. చుట్టూ నేల ఎండి ఎర్రబడిన నెలల్లో కూడా ఆ అడవి పచ్చగా ఉండటానికి కారణం అదే. పై నుండి దిగివచ్చే ఆ నీరే ఊరినీ బతికిస్తున్నది. జీపులు మాత్రం ఊళ్లో డీజిలు పోయించుకుని, ఎర్ర అరటిపళ్లు ఒక అత్తం కొనుక్కుని, నేరుగా పార్కు ద్వారంలోకి వెళ్లిపోతాయి.

1950ల దాకా ఈ ఊరున్న చోటు మాసాయి తెగవాళ్లు పశువులు మేపుకునే మెట్టనేల. కాలువలు తవ్వి ఏటి నీటిని మళ్లించిన తరువాత సేద్యం మొదలైంది; నీరున్నదని విని ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చేరారు. 1970లలో అధ్యక్షుడు న్యెరేరే ప్రభుత్వం విడివిడిగా బతికే కుటుంబాలను ‘ఉజమా’ అనే ఉమ్మడి పల్లెలుగా కూర్చినప్పుడు ఊరు ఇంకా పెరిగింది. దేశంలో ఉన్న 120కి పైగా తెగలలో తమ ఊళ్లో లేని తెగ లేదని అక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. చగ్గాలు కిలిమంజారో పాదాల నుండి అరటిని, మకోండేలు దక్షిణపు కొస నుండి చెక్కపనిని తెచ్చారు. ఇన్ని భాషల వాళ్లు స్వాహిలీ ఒక్కటే ఉమ్మడిగా పెట్టుకుని, ఒకే కాలువ నీటిని వంతులు వేసుకుని పంచుకుంటూ కలిసి ఉండటం నేను చూసినవాటిలో నాకు ఎంతో గౌరవం కలిగించిన విషయం.

బజారు దాటి సైకిలు కాలువగట్టు ఎక్కగానే రెండు పక్కలా వరిమళ్లు మొదలవుతాయి. అక్కడి ఆడవాళ్లు మోకాలిలోతు బురదలో వంగి నాట్లు వేస్తుంటే నువ్వు తప్పకుండా ఆగుతావని నాకు తెలుసు. ఆగు, కానీ ఫోను పైకెత్తే ముందు అడుగు. పెద్దవాళ్లు ఎదురైతే చిన్నవాళ్లు ముందుగా ‘షికామూ’ అని పలకరించాలి, వాళ్లు ‘మరహబా’ అని బదులిస్తారు. ఈ ఒక్కటి నా మనవరాలికి ఇప్పటినుండే నేర్పించు. అది పలకరించిందంటే ఆ ముసలమ్మలు దాన్ని వదిలిపెట్టరు. అక్కడ సైకిలు విలాస వస్తువు కాదు. వెనక సీటుకు రెండు పక్కలా పసుపుపచ్చ నీళ్ల డబ్బాలు కట్టుకుని కొందరు, బొగ్గు బస్తాలు, అరటి గెలలు వేసుకుని కొందరు అదే గట్టు మీద మీకు ఎదురొస్తారు. దారి వాళ్లది, వాళ్ల బరువు ఎక్కువ. మీరే దిగి పక్కకు తప్పుకోండి. అద్దాలు దించిన జీపు నుండి చెయ్యి ఊపే మనిషికీ, అదే గట్టు మీద చెమటోడ్చి తొక్కుతున్న మనిషికీ ఆ ఊరివాళ్లు ఇచ్చే పలకరింపులో ఎంత తేడా ఉంటుందో నువ్వే చూస్తావు.

అరటితోటల మధ్య చగ్గాల ఇళ్లలో ఎంబెగే అనే అరటి కల్లు చేస్తారు. మీరు తాగకపోయినా చేసే విధానం తప్పక చూడండి. పండిన అరటిపళ్లను గంటలకొద్దీ ఉడికించి పులియబెట్టి, అందులో మొలకెత్తించిన రాగుల పిండితో కాచిన జావ కలుపుతారు. సొరబుర్రలో పోసి, ఇంటికి వచ్చిన పెద్దలకు ముందుగా ఇస్తారు. ఆ రాగులను నీ కూతురి చేతిలో పోసి చూపించు. మన ఇంట్లో సంగటికి వాడే ఈ గింజ ఇథియోపియా, ఉగాండాల ఎత్తు భూముల్లో మొదట సాగై, వేల ఏళ్ల కింద సముద్రం దాటి మన వైపుకు చేరింది. ఆఫ్రికాతో మనకు సంబంధమేముందని బంధువులు అడిగినప్పుడల్లా నేను చెప్పే జవాబు ఇది.

మకోండేల పనిచోటు దగ్గర తొందరపడవద్దు. వాళ్లు చెక్కే ఎంపింగో కర్ర మన జిట్టేగి జాతిదే, ఇంకా నల్లగా, రాయంత గట్టిగా ఉంటుంది; క్లారినెట్ వంటి వాద్యాలను చేసేది కూడా దానితోనే. ఒకే దుంగలో ఒకరి భుజాల మీద ఒకరుగా ఒక కుటుంబం మొత్తాన్ని చెక్కిన శిల్పాలు ఉంటాయి. అంత గట్టి కర్రను యంత్రం లేకుండా, బాడిసతో, ఉలితో, చివరికి గరుకు కాగితంతో నున్నగా చేసేదాకా ఎన్ని రోజులు పడుతుందో అడిగి తెలుసుకున్నాక బేరమాడటానికి నీకే నోరు రాదు. పక్కనే టింగాటింగా బొమ్మలు గీసేవాళ్లు కూడా ఉంటారు. 1968 ప్రాంతంలో దార్ ఎస్ సలామ్‌లో ఎడ్వర్డ్ సయీదీ టింగాటింగా అనే పేదవాడు, సైకిళ్లకు వేసే మెరుపు రంగులతో అట్టచెక్కల మీద జంతువుల బొమ్మలు గీయడంతో ఆ పద్ధతి మొదలైంది. ఆయన 1972లోనే చనిపోయినా ఆ పద్ధతి నేర్చినవాళ్లు దేశమంతటా ఉన్నారు.

మడులూ తోటలూ దాటాక నేల ఉన్నట్టుండి పొడిబారుతుంది. అక్కడి నుండి మాసాయిల పశువుల దొడ్లు, పేడతో అలికిన గుండ్రటి ఇళ్లు కనిపిస్తాయి. ఆ ఇళ్లు కట్టేది ఆడవాళ్లే. సరస్సు ఒడ్డు వైపు తొక్కితే ఆవుల మందకు కొద్ది దూరంలోనే జీబ్రాలూ వైల్డ్‌బీస్ట్‌లూ మేస్తూ ఉండవచ్చు, ఎందుకంటే పార్కు చుట్టూ కంచె లేదు. వానాకాలంలో జంతువులు తరంగీరే పార్కు వదిలి మన్యారా వైపుకూ ఇంకా ఉత్తరానికీ మేత కోసం వస్తాయి. రోడ్డు పొడవునా పొలాలూ ఇళ్లూ పెరిగిన కొద్దీ ఆ రెండు పార్కుల మధ్యనున్న క్వాకుచింజా దగ్గర జంతువుల దారి ఏటేటా ఇరుకైపోతున్నది. కాలువలు ఎక్కువైన కొద్దీ సరస్సుకు చేరే నీరూ తగ్గుతున్నది, కరువు ఏళ్లలో సరస్సు పెద్ద భాగం ఎండి తెల్లటి ఉప్పు మేట వేస్తుంది. పొలం చేసుకునే రైతుదీ తప్పు కాదు, దారి వెతుక్కునే జంతువుదీ తప్పు కాదు. ఈ సంకటం పార్కు లోపల జీపులో కూర్చున్నవాళ్లకు తెలియదు. నిన్ను సైకిలెక్కమని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

ఏనుగుల విషయం నీకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి ఏనుగులు మన కౌండిన్య అడవిలోకి వచ్చి చేరాయి. 1990లో దానిని అభయారణ్యం చేశారు. కందకాలు తవ్వినా, సౌర కంచెలు వేసినా మన చుట్టుపక్కల రైతులు ఈనాటికీ పంట చేతికొచ్చే వేళ రాత్రిళ్లు టపాకాయలతో కాపలా కాస్తూనే ఉన్నారు. ఏనుగుల కుటుంబాన్ని ఒక పెద్ద ఆడ ఏనుగు నడిపిస్తుందని లోకం వివరంగా తెలుసుకున్నది మన్యారాలోనే: 1960లలో ఇయన్ డగ్లస్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త అక్కడి ఏనుగులను ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి ఏళ్లపాటు గమనించి ఆ సంగతి చెప్పారు. ఆ ఏనుగులే ఊరి మొక్కజొన్న చేలలోకి దిగినప్పుడు, టాంజానియా చట్టం ప్రకారం రైతుకు దక్కేది జరిగిన నష్టానికి సరిపడే పరిహారం కాదు, ఓదార్పుగా ఇచ్చే కొద్దిపాటి సొమ్ము మాత్రమే. 1959లో సెరెంగెటి నుండి మాసాయిలను న్గోరోంగోరోకు తరలించిన సంగతి కూడా నీ బిడ్డకు చెప్పు. ఎవరో నేల వదిలారు కనుకనే, ఎవరో రాత్రి నిద్ర మానుకుని చేను కాస్తున్నారు కనుకనే మనం ఆ జంతువులను చూడగలుగుతున్నాము. మనం కట్టే పార్కు రుసుములో వాళ్ల చేతికి నేరుగా అందేది చాలా తక్కువ.

సైకిలు యాత్రలో ఆ లెక్క మారుతుంది. 1990ల మధ్యలో నెదర్లాండ్స్ అభివృద్ధి సంస్థ ఎస్‌ఎన్‌వి తోడ్పాటుతో టాంజానియాలో సాంస్కృతిక పర్యాటక కార్యక్రమం మొదలైంది. అందులో చేరిన ఊళ్లలో మ్‌టో వా మ్‌బు ఒకటి. సైకిలు అద్దె, గైడు కూలి, భోజనం పెట్టే ఇంటికి ఇచ్చేది, ఊరి ఉమ్మడి పనులకు వేరుగా తీసేది, అన్నీ ఆ ఊళ్లోనే నిలుస్తాయి. కాబట్టి ఆ రోజు ఏర్పాటును అరూషా కంపెనీ చేతుల్లో పెట్టకుండా ఊళ్లోని కార్యాలయానికే వెళ్లి మాట్లాడు, ఏ భాగం ఎవరికి చేరుతుందో అడుగు. అడగడం వాళ్లు తప్పుగా తీసుకోరు. మధ్యాహ్నం ఎవరింట్లోనైనా అరిటాకుల నీడన అన్నం, చిక్కుడుగింజలు, ఆకుకూర, కూర అరటికాయ పెడతారు. చక్కగా తినండి.

పార్కు లోపల సైకిలు తొక్కాలని మాత్రం పట్టుబట్టవద్దు. కెన్యాలో నైవాషా దగ్గర, 1984లో ఏర్పడిన హెల్స్ గేట్ పార్కులో జిరాఫీల మధ్య సైకిలు తొక్కనిస్తారు. అక్కడ ఏనుగులూ సింహాలూ స్థిరంగా ఉండవు కనుక అది సాధ్యం. మన్యారాలో రెండూ ఉన్నాయి. గైడు ఆగమన్నచోట ఆగి, తిరగమన్నచోట తిరగండి. సరస్సు ఒడ్డున రెల్లు ఉన్నచోటికి దగ్గరగా పోవద్దు, నీటిగుర్రం పొద్దుగూకాక మేతకు గట్టెక్కుతుంది. చీకటి పడేలోపు బజారులో ఉండండి.

జూలై అక్కడ వానలు లేని కాలం కనుక దారి గట్టిగా ఉంటుంది. మార్చి నుండి మే దాకా కురిసే వానల్లో అయితే ఆ నల్లమట్టి చక్రానికి చుట్టుకుని కదలనివ్వదు. తుమ్మముళ్లు విపరీతం, గైడు దగ్గర విడి ట్యూబు, పంపు ఉన్నాయో లేదో బయలుదేరే ముందే చూసుకో. పొద్దున చలిగా ఉండి పది దాటేసరికి ఎండ కాలుస్తుంది. మలేరియా మాత్రల గురించి బయలుదేరడానికి చాలా ముందే డాక్టరును అడుగు. తరంగీరేలో కుట్టే త్సెత్సె ఈగలు నీలం, నలుపు బట్టలకే ఎక్కువగా వస్తాయి కనుక కోడలికి చెప్పి లేత రంగులు సర్దించు. బిడ్డకు వెనక సీటు ఉన్న సైకిలు కావాలని ముందే చెప్పకపోతే అక్కడ దొరకడం కష్టం. పిల్లలు చుట్టూ మూగినా మిఠాయిలు, పెన్నులు పంచవద్దు. ఇవ్వాలనిపిస్తే ఊరి బడి ప్రధానోపాధ్యాయుడిని కలిసి, ఏమి కావాలో అడిగి అది కొనివ్వు. గైడుకు ఇచ్చేది షిల్లింగులలో, అతని చేతికే ఇవ్వు.

పట్టికలో ఆ రోజు మార్చాక నాకు మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
అమ్మ