నాన్న ఊపిరి, నా కాలి ముల్లు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సత్యం,

ఫోన్‌లో సగం చెప్పి పెట్టేశానని అలిగావట. ఇదిగో, మిగతా సగం.

మహేంద్రతనయ గట్టు ఎక్కేలోపు నాన్న రెండుసార్లు ఆగిపోతున్నాడు. పనిగట్టుకుని బరంపురం తీసుకెళ్లాను. గొట్టంలోకి ఊదించారు, ఎక్స్‌రే తీశారు. డాక్టరు కాగితం మీద ద్రాక్షగుత్తి గీసి, ఊపిరితిత్తుల చివర ఇలాంటి గాలి బుడగలుంటాయని, నాన్నవి గోడలు తెగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయని చెప్పాడు.

తెంపింది ఎవరనుకున్నావు? ఒంట్లో కాపలా కాసే తెల్లరక్తకణాలే! న్యూట్రోఫిల్స్. వాటిలో చిన్న చిన్న సంచుల నిండా ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ప్రోటీన్లను కత్తిరించడమే దాని పని. మొన్న వేసవిలో నా అరికాల్లో తుమ్మముల్లు విరిగి చీము పట్టింది కదా, ఆ చీమంతా దాదాపు చచ్చిన న్యూట్రోఫిల్సేనట. బాక్టీరియాను మింగి ఇలాంటి కత్తెరలతోనే ముక్కలు చేస్తాయి. అంటే నా కాలు బాగుచేసిన చెయ్యే నాన్న ఊపిరి కోసింది.

ఊపిరితిత్తి సాగి మళ్లీ ముడుచుకునేది ఎలాస్టిన్ అనే ప్రోటీన్ వల్ల. ఎలాస్టేజ్ దాన్నే కొరుకుతుంది. ఎలాస్టిక్ వదులైన నిక్కరు ఒక చేత్తో పట్టుకుని బడికి పరుగెత్తేవాళ్లం చూడు, సరిగ్గా అలా అయిపోయింది లోపల. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు.

మామూలుగా దానికి కళ్లెం ఉంది. లివర్‌లో తయారయ్యే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ వచ్చి ఎలాస్టేజ్‌ను పట్టి బిగించేస్తుంది. పుట్టుకతోనే ఇది కొరవడినవాళ్లుంటారని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే డాక్టర్లు కనిపెట్టారు. అలాంటివాళ్లకు వయసులోనే ఊపిరితిత్తులు పాడవుతాయి. నాన్నది ఆ కేసు కాదు, బీడీ. పొగ న్యూట్రోఫిల్స్‌ను గుంపులుగా రప్పిస్తుంది, పైగా ఆ కళ్లేన్నీ పాడుచేస్తుంది.

ఇంతా విని నాన్న ఏమన్నాడో తెలుసా? "మా అమ్మ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగి ఎనభై ఏళ్లు బతికింది కాదేటి?"

డాక్టరు కటక్ మనిషి, తెలుగు రాదు. నేను ఒడియాలో "ఈరోజు నుంచే మానేస్తానంటున్నారు" అని చెప్పేశాను. ఆయన సంబరపడి నాన్న భుజం తట్టాడు.

బస్సెక్కాక మొదలెట్టాడు. "నాకు ఒడియా రాదనుకున్నావేటి? మాటిచ్చింది నువ్వు, మానాల్సింది నేనూనా?"

దసరాకి వస్తావుగా. పోయినసారిలా ప్రేమగా బీడీ కట్టలు పట్టుకొచ్చావో, గుమ్మంలోంచే తిప్పి పంపిస్తాను. ఉన్న ఒక్క కట్టా ఇప్పుడు నా చొక్కా జేబులో ఉంది. పన్నెండు దాటింది, పక్కగదిలో తలగడ కింద వెతుక్కుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

నీ
రమణ