రమకు, విశాఖ నుంచి

రమా,

నీ ఉత్తరం అందింది. రాత్రిళ్లు వరదలు, వడగాలుల వార్తలు చూసి నిద్ర పట్టడం లేదని రాశావు. "ఊరికే టెన్షన్ పడకు" అంటున్నారట మీ ఆయన. నేను మాత్రం ఆ మాట అననే. 2024లో భూమి సగటు వేడి పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే ఒకటిన్నర డిగ్రీ దాటింది. అది తెలిసిన మనిషికి భయం వేయదా?

నాకీ భయం హుద్‌హుద్ తుఫానుతో పట్టుకుంది. 2014 అక్టోబరు 12. కిటికీకి మంచం అడ్డుపెట్టి అమ్మా నేనూ దాన్ని నొక్కిపట్టుకున్నాం. గాలి తగ్గాక తలుపు తీస్తే వీధిలో నిలబడ్డ చెట్టే కనబడలేదు. కొమ్మలకు మిగిలిన ఆకులు మంట తగిలినట్టు కమిలిపోయాయి. ఆ తర్వాత చాలాకాలం అల్పపీడనం అన్న మాట వింటేనే గుండె దడ. సముద్రం వేడెక్కే కొద్దీ తుఫాన్లకు బలం చేకూరుతుందని చదివాక మరీ.

కాస్త తేరుకున్నది పాత లెక్కలు చూశాకే. 1977 దివిసీమ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారు. హుద్‌హుద్ ఇంత పెద్ద ఊరి మీదే విరుచుకుపడినా, ముందే హెచ్చరించి జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణనష్టం ఆ స్థాయిలో జరగలేదు. గాలిని ఎవరూ ఆపలేకపోయారు. మనుషుల్ని మాత్రం కాపాడుకున్నారు. నాకు ఇది చాలా పెద్ద సంగతి.

ఇంకోటి, తాబేళ్లు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లేలు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లను తీసి హేచరీలో, అంటే అవి పొదిగేదాకా కాపాడే కంచె వేసిన చోట, పాతిపెడతారు. చీకటితోనే వాళ్ల వెంట వెళ్తుంటాను. తడి ఇసుక మీద రెండు పక్కలా రెక్కలు ఈడ్చిన గీతలు ఉంటాయి, వాటి వెంట పోతే గూడు. గుడ్డు పింగ్‌పాంగ్ బంతంత, మెత్తగా ఉంటుంది. ఇసుక బాగా వేడెక్కితే పుట్టేవి దాదాపు అన్నీ ఆడవేనట. అది విన్నప్పుడు ప్రాణం ఉసూరుమంది. అయినా గొయ్యి తవ్వుతున్నంతసేపు బుర్రలో గోల ఉండదే. పక్కన తవ్వేవాళ్లకీ ఇదే దిగులు. మాట్లాడుకుంటాం.

ఏసీ వేసుకున్న ప్రతిసారీ నేరం చేసినట్టు బాధపడకు. తగ్గించగలిగినంత తగ్గించు. కానీ బొగ్గు, చమురు ఎంత కాల్చాలో తేల్చేది నీ బెడ్‌రూమ్‌లో కాదు. వార్తలు పొద్దున చదువు, పడుకునే ముందు వద్దు. మీ కాలనీ చెరువు కోసం తిరుగుతున్నవాళ్లున్నారన్నావుగా, ఈ ఆదివారమే వెళ్లి కలువు.

మార్చిలో పిల్లల్ని తీసుకుని రా, తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు ముందే చేయించు, తర్వాత దొరకవు.

నీ
పద్మ