మూడు చక్రాల బండికి రెండు చక్రాల పాఠం: మీ మాన్యువల్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

ముందు ఒకటి, వెనక రెండు చక్రాలున్న మీ మోటార్‌సైకిల్‌తో ఇస్తున్న మాన్యువల్‌లో ‘మలుపులు తిరగడం’ అన్న భాగం ప్రమాదకరంగా ఉంది. రెండు చక్రాల బండి కోసం రాసిన పేరాలను అందులో అలాగే దించేశారు. ఈ బండి నడపడం నేర్పే శిక్షకులుగా మేం దీన్ని చూసీచూడనట్టు వదిలేయలేం.

‘కుడికి తిరగాలంటే కుడి గ్రిప్‌ను ముందుకు నొక్కి బండిని వాల్చండి’ అని రాశారు. ఈ బండి వాలదు. కుడి గ్రిప్‌ను నొక్కితే ముందు చక్రం ఎడమకు తిరుగుతుంది, బండీ ఎడమకే పోతుంది. కంగారుపడ్డ మనిషి ఇంకా గట్టిగా నొక్కుతాడు, మలుపు బయటికి దూసుకుపోతాడు. చెప్పాల్సింది దీనికి తలకిందులు: కుడి గ్రిప్‌ను దగ్గరికి లాగాలి, ఎడమదాన్ని తోయాలి, ఒంటిని కుడివైపుకు, కాస్త ముందుకు వంచాలి. యమహా నైకెన్, పియాజియో ఎంపీ3 లాగా చక్రాలతో సహా వాలే బళ్లకైతే రెండు చక్రాల బండి పద్ధతే సరి. మీది ఆ రకం కాదు.

‘ఆగేటప్పుడు ఎడమ కాలు నేలకు ఆనించండి’ అన్న వాక్యం మరీ ఘోరం. బండి ఇంకా కదులుతుండగా కాలు దించితే వెనక చక్రం మడమ మీదికి ఎక్కుతుంది. ఈ బండి తనంతట తానే నిలబడుతుంది. పూర్తిగా ఆగేదాకా రెండు కాళ్లూ ఫుట్‌రెస్ట్‌ల మీదే ఉండాలి.

వేగం గురించి ఒక్క అంకె కూడా లేదు. 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే పక్కకు తోసే బలం బండి బరువులో దాదాపు సగం. 40కి పెంచితే 80 శాతం దాటుతుంది. లోపలి వెనక చక్రం నేల విడిచిందంటే హద్దు దాటినట్టే. అప్పుడు హ్యాండిల్‌ను కొంచెం సడలించి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించాలి. ఆ క్షణంలో ముందు బ్రేక్ గట్టిగా పట్టకూడదు: బరువు ఒంటి చక్రం మీదికి, అంటే మూడు చక్రాలు కలిసి చేసే త్రిభుజం సన్నగా ఉన్న కొసకు జరుగుతుంది, బండి బయటివైపు ముందుకు బోల్తా పడుతుంది. అందుకే బ్రేక్ పని మలుపుకు ముందే ముగించాలి.

ఇరుకు మలుపులో లోపలి వెనక చక్రం ముందు చక్రం కన్నా లోపలిగా కోసుకుపోయి గట్టును తగులుతుంది. మూడు చక్రాలకూ మూడు దారులు కాబట్టి గుంతను చక్రాల మధ్యకు వదిలి దాటడమూ కుదరదు. ఇవీ రాయండి.

ఆ భాగాన్ని వెనక్కి తీసుకుని కొత్తగా రాయించాలి. ఇప్పటికే బండి కొన్న ప్రతి ఒక్కరికీ సవరణ పత్రం పంపాలి. ‘ఈ బండి వాలదు, కదులుతుండగా కాలు దించవద్దు’ అనే స్టిక్కర్ ట్యాంక్ మీద అంటించాలి. ఖాళీ మైదానంలో, మొదటి గేరులో, పెద్ద వలయాలతో మొదలై రెండు వైపులా ఎనిమిది ఆకారం దాకా సాగే అభ్యాసాన్ని బొమ్మలతో చేర్చాలి. సవరణ చేరేదాకా కొత్త బళ్ల డెలివరీ ఆపాలని కోరుతున్నాం.

ఇట్లు,
మూడు చక్రాల మోటార్‌సైకిల్ శిక్షకులు