మాడ్రిడ్ నుంచి బుజ్జికి

ఒరేయ్ బుజ్జీ,

జవాబు రాయడం ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇల్లు మారాను, ఆఫీసు బానే ఉంది, చలి తగ్గింది. నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉందో తప్పకుండా రాయి. ఇక అసలు సంగతికి వస్తా, నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

శనివారం ఇక్కడి లావాపియేస్ పేటలో కూరగాయల కొట్టుకి వెళ్లాను. ఏమేం ఉన్నాయని అడిగితే కొట్టామె స్పానిష్‌లో గడగడా చెప్పింది: "ఐ తొమాతెస్ మదూరోస్, ఐ థెబోయాస్ బ్లాంకాస్, ఐ థిలాంత్రో ఫ్రెస్కో, ఐ యెర్బబ్వేనా ఫ్రెస్కా." పండిన టమాటాలు, తెల్ల ఉల్లిపాయలు, తాజా కొత్తిమీర, తాజా పుదీనా. "ఐ" అంటే ఉంది అని. ఒకటైనా వందైనా ఆ "ఐ" కదల్లేదురా! మనకైతే కొత్తిమీర ఉంది, టమాటాలు ఉన్నాయి, తమ్ముడు ఉన్నాడు, అత్తయ్యగారు ఉన్నారు.

మరి వాళ్ల లింగం ఎక్కడుంది? విశేషణంలో! కొత్తిమీర పుంలింగం, అందుకే ఫ్రెస్కో. పుదీనా స్త్రీలింగం, అందుకే ఫ్రెస్కా. బహువచనమైతే చివర "స్" చేరుతుంది. మనకేమో మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకాలు. "మంచి" చెక్కుచెదరదు. సరిగ్గా తిరగేసినట్టు లేదూ? తెలుగు మాస్టారు మగవాళ్లని చెప్పే మాటలు మహత్తు, మిగతావి అమహత్తు అని చెబుతుంటే నువ్వు వెనక నుంచి గిల్లావే, ఆ రోజు గుర్తొచ్చింది. ఆయన ఉండుంటే ఈపాటికి... సరే, వదిలేయ్.

అయితే అన్నిచోట్లా "ఐ" కుదరదు. ఇద్దరికీ తెలిసిన ఫలానా కొత్తిమీర ఎక్కడుందో చెప్పాలంటే "ఎస్తా", టమాటాలైతే "ఎస్తాన్". అక్కడ వచనం మళ్లీ క్రియలోకి వచ్చేస్తుంది.

నీళ్ల సంగతి విను, ఇది నాకు మహా ఇష్టం. ఆగ్వా స్త్రీలింగం. అయినా స్త్రీలింగ నామాల ముందు వచ్చే "లా" దీనికి రాదు, పుంలింగానికి వచ్చే "ఎల్" లాంటిది పెట్టి "ఎల్ ఆగ్వా ఫ్రీయా" (చల్లటి నీళ్లు) అంటారు. మాట మొదట్లో "ఆ" ఒత్తి పలుకుతారు కదా, "లా ఆ" అంటే రెండు అచ్చులు గుద్దుకుంటాయి. నిజానికి ఈ "ఎల్" పుంలింగం కాదు. పాత స్పానిష్‌లో "ఎలా" అనే స్త్రీలింగ రూపం ఉండేది, దాని చివరి అచ్చు రాలిపోయి ఇలా మిగిలింది. మన సంధుల్లో జరిగేదీ అదేగా! "ఫ్రీయా" మాత్రం స్త్రీలింగంలోనే ఉంది చూడు. బహువచనంలో "లాస్ ఆగ్వాస్" అనగానే గుట్టు బయటపడుతుంది.

చెయ్యి, "లా మానో", చివర ఓ ఉన్నా స్త్రీలింగం. రోజు, "ఎల్ దీయా", చివర ఆ ఉన్నా పుంలింగం. అదెందుకంటే లాటిన్‌లో... అయ్యో, క్లాసుకి టైమైపోయింది, మెట్రో అందుకోవాలి. మిగతాది రేపు రాస్తా. ఉంటాను.