ఛాంపియన్ హర్డిల్ గుర్రాలను రేటు చూసి కాదు, దూకే తీరు చూసి తూచాలి

సంపాదకులకు,

నమస్కారం. మార్చి వచ్చిందంటే ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్ గుర్రప్పందేల కబుర్లు మన తెలుగు పత్రికల క్రీడా పేజీల్లోకీ చేరుతున్నాయి. సంతోషమే. కానీ అక్కడ మొదటి రోజు, మంగళవారం జరిగే ఛాంపియన్ హర్డిల్ (గుర్రాలు అడ్డంకుల మీంచి దూకుతూ పరుగెత్తే పందెం) గురించి ముందుగా వేసే కథనాల్లో గుర్రం పేరు, జాకీ పేరు, బుకీలు (పందెం కట్టించుకునేవాళ్లు) ఇచ్చే రేటు, అంటే కట్టిన డబ్బుకు ఎంత వస్తుందన్న లెక్క, తప్ప ఇంకేమీ ఉండటం లేదు. జనం ఏమనుకుంటున్నారో రేటు చెబుతుంది. గుర్రం ఏం చేయగలదో చెప్పదు. పైగా మన ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేలకు 2020 నుంచే నిషేధం ఉంది. పాఠకుడికి ఆ రేటుతో పనేమిటి? ఆట అర్థమైతే చాలు. అందుకే పోటీకి దిగే గుర్రాలను ఎలా తూచాలో కాస్త వివరంగా రాస్తున్నాం.

2025 పందెమే తీసుకోండి. అందరి కళ్లూ కాన్‌స్టిట్యూషన్ హిల్ మీదే. 2022లో అదే మైదానంలో సుప్రీమ్ నోవిసెస్ హర్డిల్‌ను (హర్డిల్ పందేలకు కొత్త గుర్రాల పోటీ) 22 లెంగ్తుల (లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో, 2023లో ఛాంపియన్ హర్డిల్‌ను 9 లెంగ్తుల తేడాతో గెలిచిన గుర్రం అది. అయిదో హర్డిల్ దగ్గర పడిపోయింది. 2024 విజేత స్టేట్ మ్యాన్ అందరికంటే ముందు చివరి హర్డిల్ దాకా వచ్చి, అక్కడ కూలబడింది. 25కు 1 రేటున్న (రూపాయి కడితే 25 లాభం, అంటే గెలుస్తుందని పెద్దగా ఎవరూ అనుకోని) గోల్డెన్ ఏస్ అనే ఆడగుర్రం గెలిచింది. అదృష్టం అని ఒక్క మాటలో తేల్చేశారు చాలామంది. నిలబడి ఉంటే స్టేట్ మ్యానే గెలిచేది, అందులో మాకూ అనుమానం లేదు. అయినా హర్డిల్ పందెంలో దూకడాన్ని పరుగు నుంచి విడదీసి చూడకూడదు. మరుసటి నెల ఇంగ్లండ్‌లోనే ఇంకో మైదానం ఎయిన్‌ట్రీలో కాన్‌స్టిట్యూషన్ హిల్ మళ్లీ పడింది. ఒకసారి పడితే పొరపాటు అనుకోవచ్చు. వెంటవెంటనే రెండుసార్లు పడితే దాన్ని ఆ గుర్రం ఖాతాలో రాసుకోవాల్సిందే.

మన పాఠకులు మలక్‌పేటలోనో బెంగళూరులోనో చూసేది చదును పందెం. అడ్డంకులుండవు, దూరం చాలావరకు 1,000 నుంచి 2,400 మీటర్ల లోపు. ఛాంపియన్ హర్డిల్ దూరం 2 మైళ్ల 87 గజాలు, అంటే దాదాపు 3,300 మీటర్లు. దారిలో 8 హర్డిళ్లు. మొదలైంది 1927లో, అప్పుడు గెలిచింది బ్లారిస్. ఎడమ చేతి వైపు తిరిగే ఎత్తుపల్లాల ట్రాక్. చివర్లో కొండ మీంచి దిగి, మలుపు తిరిగి, మళ్లీ ఎక్కుతూ గీత దాటాలి. అలిపిరి మెట్ల దారిన వెళ్లేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మొదటి మెట్ల మీద పరుగులు తీసినవాడు మోకాళ్ల పర్వతం దగ్గర గోడ పట్టుకుని నిలబడతాడు. చెల్టెన్‌హామ్ చివరి ఎత్తు కూడా అలాంటిదే. బల్లపరుపు ట్రాక్ మీద ఎంత వేగంగా గెలిచినా, ఈ ఎత్తు మీద కాళ్లు ఆడకపోతే ఆ వేగం పనికిరాదు.

ఇక హర్డిల్. స్టీపుల్‌చేజ్ (ఇంకా ఎత్తయిన కంచెలు దూకే పందెం) కంచెలాగా బలిసిన పొద కాదు ఇది. గొర్రెల మందకు అడ్డం పెట్టే తడికను పోలిన చెక్క చట్రం, మధ్యలో రెమ్మల అల్లిక, పైన మెత్త. ఎత్తు సుమారు మూడున్నర అడుగులు, ఇది కనీసం నాలుగున్నర అడుగులుండే స్టీపుల్‌చేజ్ కంచె కంటే ఓ అడుగు తక్కువ. గుర్రం తగిలితే ఆ చట్రం వాలిపోతుంది. అందుకే మంచి హర్డిల్ గుర్రం ఎత్తుగా ఎగరదు. వీడియో నెమ్మదిగా నడిపి చూడండి: నడుము పెద్దగా వంచదు, మెడ చాపి, మోకాళ్లు ఛాతీకి ముడిచి, అడ్డంకిని పరుగులోని ఓ పొడుగాటి అంగగా దాటేస్తుంది. వెనక గిట్టలు పై కమ్మీని రాసుకుంటూ పోతాయి. నేలకు ఆనిన వెంటనే తరువాతి అంగ పడుతుంది, మధ్యలో తడబాటు ఉండదు. గాలిలో ఎత్తుగా, అందంగా విల్లులా వంగి దూకే గుర్రాన్ని చూసి మురిసిపోతాం గానీ, ఈ పందెంలో అది ప్రతి హర్డిల్ దగ్గరా అర లెంగ్తు పోగొట్టుకుంటుంది. ఎనిమిది చోట్ల అర లెంగ్తు చొప్పున నాలుగు లెంగ్తులు. ఛాంపియన్ హర్డిల్‌లో గెలుపోటముల మధ్య తేడా చాలాసార్లు అంతకంటే తక్కువే.

తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. మరీ దూరం నుంచి ఎగిరితే దిగేటప్పుడు ముందు గిట్టల కొన చట్రానికి తగిలి తల కిందికి పోతుంది. మరీ దగ్గరికి వెళ్లి ఎగిరితే ఛాతీ కమ్మీని గుద్దుకుని వేగం ఆగిపోతుంది. మొదటిది వేగం మీదున్న గుర్రానికి, రెండోది అంగ లెక్క కుదరని గుర్రానికి ఎక్కువగా వస్తుంది. అలసిన గుర్రానికి రెండూ వస్తాయి, కాబట్టే చివరి హర్డిల్ అంత భయం. 2015లో ఆనీ పవర్ అనే ఆడగుర్రం మేర్స్ హర్డిల్‌లో (ఆడగుర్రాల పోటీ) గెలుపు చేతిలో ఉండగా చివరి హర్డిల్ దగ్గరే పడింది. అదే ఆనీ పవర్ మరుసటి ఏడు ఛాంపియన్ హర్డిల్‌ను మొదటి నుంచి చివరి దాకా ముందుండి 3 నిమిషాల 45.10 సెకన్లలో ముగించి ట్రాక్ రికార్డు నెలకొల్పింది. పడిన గుర్రాన్ని కొట్టిపారేయమని మేం అనడం లేదు. ఎందుకు పడిందో చూడమంటున్నాం.

ఇంకో చిన్న విషయం, కానీ దీన్ని ఎవరూ రాయరు. కొన్ని గుర్రాలు దూకేటప్పుడు ఒక పక్కకు లాగుతాయి. ఎడమకు తిరిగే ట్రాక్ మీద కుడికి లాగే గుర్రం ప్రతి హర్డిల్ దగ్గరా లోపలి దారి వదులుకుని బయటి దారిన చుట్టి రావాలి. డిసెంబరు 26న ఇంగ్లండ్‌లోని కెంప్టన్‌లో జరిగే క్రిస్మస్ హర్డిల్ కుడికి తిరిగే చదును ట్రాక్ మీద. అక్కడ ఈ దోషం బయటపడదు, పైగా కలిసొస్తుంది. అందుకని కెంప్టన్ గెలుపును చెల్టెన్‌హామ్‌కు నేరుగా అన్వయించకూడదు. ఐర్లండ్‌లోని లెపర్డ్‌స్‌టౌన్‌లో జరిగే ఐరిష్ ఛాంపియన్ హర్డిల్ ఎడమ చేతి ట్రాక్, ఫిబ్రవరి ఆరంభంలో వస్తుంది, గట్టి పోటీ ఉంటుంది. మా లెక్కలో ముందస్తు పందేలన్నిటిలో దానికే ఎక్కువ బరువు.

నేల సంగతి. అక్కడ నేలను హెవీ, సాఫ్ట్, గుడ్ టు సాఫ్ట్, గుడ్ అంటూ వర్గాలు చేస్తారు. గోయింగ్ స్టిక్ అనే కడ్డీని నేలలో గుచ్చి, పక్కకు లాగి, ఎంత బలం పట్టిందో కొలుస్తారు. మన రైతు దుక్కి పదును చూసుకున్నట్టే. మెత్తటి నేలలో గిట్ట దిగబడుతుంది, ప్రతి అంగకూ కాలు పీకి వేయాలి. పెద్ద గిట్ట, బరువైన అడుగు ఉన్న గుర్రం అక్కడ నెగ్గుకొస్తుంది. తేలికగా నేలను తాకుతూ పోయే గుర్రానికి గుడ్ నేల కావాలి. పందెం ముగిసిన సమయాన్ని మాత్రం పట్టుకుని ఈ గుర్రం ఆ గుర్రం కంటే వేగం అనడం అందుకే తప్పు. నేల మారితే అదే గుర్రం పది సెకన్లు ఆలస్యంగా వచ్చినా ఆశ్చర్యం లేదు.

బరువు లెక్క చాలామందికి కొరుకుడు పడదు, నిజానికి సులువు. ఈ పందెంలో అయిదేళ్లు, ఆ పైబడిన గుర్రం 11 స్టోన్ల 10 పౌన్లు మోయాలి. స్టోన్ అంటే 14 పౌన్లు, కాబట్టి మొత్తం 164 పౌన్లు, 74 కిలోల పైచిలుకు. జాకీ, జీను, తక్కువ పడితే జీను కింద పెట్టే సీసపు బిళ్లలు అన్నీ కలిపి ఆ బరువు. ఆడగుర్రానికి 7 పౌన్లు తగ్గిస్తారు. గుర్రం సత్తాకు అక్కడి అధికారులు వేసే అంకె, అంటే రేటింగు కూడా పౌన్లలోనే ఉంటుంది. మాటవరసకు మగగుర్రం రేటింగు 165, ఆడగుర్రం రేటింగు 158 అనుకోండి. కాగితం మీద మగది 7 పౌన్లు మెరుగు. ఆడగుర్రానికి ఇచ్చే 7 పౌన్ల తగ్గింపు కలిపితే రెండూ సమానం. దూకే పందేల్లో ఒక పౌను సుమారు ఒక లెంగ్తుకు సమానమని లెక్క వేస్తారు. ఈ కూడిక వేయకుండా రేటింగుల వరస మాత్రమే అచ్చేస్తే పాఠకుడు తప్పుదారి పడతాడు. 2016 నుంచి 2025 దాకా జరిగిన 10 పందేల్లో 5 ఆడగుర్రాలే గెలిచాయి: ఆనీ పవర్, ఎపటాంట్, హనీసకిల్ రెండుసార్లు, గోల్డెన్ ఏస్. ఆ తగ్గింపు పేరుకు ఇచ్చేది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

వయసు విషయంలో ఒక మెలిక ఉంది. అక్కడి పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజు లెక్కిస్తారు. ఏప్రిల్‌లో పుట్టిన గుర్రం మార్చిలో కాగితం మీద అయిదేళ్లది, నిజంగా ఇంకా అయిదు నిండలేదు. ఎముక ముదరదు, పెద్ద గుర్రాల మధ్య తోపులాటకు నిలదొక్కుకోలేదు. 1985లో సీ యూ దెన్ తర్వాత అయిదేళ్ల గుర్రం గెలవడానికి 2008 దాకా, కాట్చిట్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. 2019లో ఎస్పాయిర్ డాలెన్ అయిదేళ్లకే 15 లెంగ్తులతో గెలిచింది నిజమే, ఆ రోజు గెలుస్తుందని ఎక్కువమంది అనుకున్న బువేర్ డేర్ మూడో హర్డిల్ దగ్గరే పడిందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. రెండో కొస చూస్తే, సీ పిజియన్ పదేళ్లకు, పదకొండేళ్లకు గెలిచింది. వేగం తగ్గని గుర్రానికి వయసు అడ్డం కాదు. చిన్న వయసుకు మాత్రం తగ్గించి చూడాలని మా అభిప్రాయం.

అన్నిటికంటే తక్కువగా రాసేది, ఎక్కువగా రాయాల్సింది ఊపిరి గురించి. దౌడు తీసే గుర్రం అంగకు ఒక ఊపిరి పీలుస్తుంది, ఆ లయ తప్పదు. హర్డిల్ మీదికి ఎగిరినప్పుడు ఊపిరి బిగబడుతుంది, దిగాక మళ్లీ లయ అందుకోవాలి. ఎనిమిది సార్లు. గొంతులో ఏమాత్రం ఇరుకు ఉన్నా ఈ దెబ్బ చివరి ఎత్తు మీద బయటపడుతుంది. గుర్రాలకు ఎక్కువగా వచ్చేది గొంతు ఎడమ పక్క కండరం చచ్చుబడటం. ఆ కండరాన్ని ఆడించే నరం మెడ నుంచి ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాన్ని చుట్టి తిరిగి గొంతుకు చేరుతుంది. అంత పొడుగు నరం కాబట్టే దెబ్బతింటుంది. దాంతో శ్వాసద్వారం తలుపు సగమే తెరుచుకుంటుంది, పరుగులో గుర్రం గుర్రుమని శబ్దం చేస్తుంది. ట్రాక్ మీద అప్పటిదాకా బ్రహ్మాండంగా వచ్చి, చివరి రెండు వందల గజాల్లో ఒక్కసారిగా ఆగిపోయినట్టు కనిపించే గుర్రాల్లో చాలావాటి జబ్బు ఇదే. దానికి శస్త్రచికిత్స ఉంది. 2018 జనవరి నుంచి బ్రిటన్‌లో అలాంటి ఆపరేషన్ తర్వాత గుర్రం మొదటిసారి పరుగెత్తేటప్పుడు ఆ సంగతి ముందే ప్రకటించాలి. రేస్ కార్డులో (ఆ రోజు పందేల, గుర్రాల వివరాల పట్టిక) కనిపించే సమాచారమే, తెలుగులో ఎక్కడా రాదు. కిందటి పందెంలో చివర్లో వాడిపోయిన గుర్రం ఆపరేషన్ చేయించుకుని వస్తే, పాత ఓటమిని దాని మీద మోపకూడదు.

పందెం ముందు గుర్రాలను తిప్పే చోట టీవీలో రెండు నిమిషాలు చూపిస్తారు. రంగంపేటలో పశువుల పండుగకు ముందు ఎద్దు నడక చూసి మాట్లాడుకునే పెద్దలు ఉన్న జిల్లా మనది, వాళ్లకు ఇది తేలిక. వెనక గిట్ట ముందు గిట్ట అడుగుజాడను దాటి పడుతోందా చూడండి. దాటితే నడుము వదులుగా ఉంది, అంగ పొడుగు వస్తుంది. వెనక తొడల మధ్య తెల్లటి నురగ, మెడ మీద చెమట ఉంటే, మార్చి చలిలో అది కంగారుకు గుర్తు. పందెం మొదలవకముందే ఓపిక ఖర్చయిపోతోందన్నమాట. కొన్ని గుర్రాలు ఎప్పుడూ అలాగే ఉంటాయి, వాటి విషయంలో దీన్ని పట్టించుకోనక్కర్లేదు. మామూలుగా నెమ్మదిగా ఉండే గుర్రం అలా ఉంటేనే అనుమానించాలి.

చివరిగా పందెం నడక. ముందుండి వేగం పట్టించే గుర్రం ఒక్కటే ఉంటే అది తనకు నచ్చిన వేగంతో లాక్కుపోతుంది, వెనకవాళ్లకు అందడం కష్టం. అలాంటివి రెండు మూడు ఉంటే పోటీ పడి ఒకదాన్నొకటి అలసిపోయేలా చేసుకుంటాయి, అప్పుడు వెనక ఓపిగ్గా కూర్చున్నది లేచి వస్తుంది. పాల్గొనేవాటిలో ఏది ముందుండే రకమో, ఏది వెనక నుంచి వచ్చే రకమో ఒక్క మాట రాస్తే పాఠకుడు పందెం సగం చూసినట్టే.

మీ విలేఖరులు మరీ కష్టపడాల్సిన పని కాదు ఇది. రేస్ కార్డులో ఉన్నదే. ప్రతి గుర్రం పేరు పక్కన వయసు, మగదా ఆడదా, మోసే బరువు, కిందటి మూడు పందేలు ఏ నేల మీద, ఏ చేతి ట్రాక్ మీద, ఎక్కడైనా పడిందా, గొంతు ఆపరేషన్ అయిందా, ముందుండే రకమా కాదా. ఇవి ఒక చిన్న పట్టికగా మంగళవారం ఉదయం సంచికలో వేయండి. చోటు చాలకపోతే రేటు తీసేయండి.

ఇట్లు,
గుర్రప్పందేలు గమనించే పాఠకులు,
తిరుపతి.